పరదేశములో ఇల్లు కొనేటప్పుడు: మక్పేలా పొలము నేర్పే పాఠము

పాఠ్యభాగము: ఆదికాండము 23వ అధ్యాయము
తోడుగా చదువవలసినవి: యిర్మీయా 32:6-15, లూకా 14:28-30



ఆదికాండము 23వ అధ్యాయమును మనము ఎక్కువగా సమాధి ఆరాధనలలోనే చదువుకొంటాము. చదివి మూసివేస్తాము. అయితే ఈసారి వచనములు లెక్కపెట్టి చూడండి. మొత్తము ఇరవై. వాటిలో శారా మరణమును, అబ్రాహాము దుఃఖమును, సమాధిని గూర్చినవి మూడే. తక్కిన పదిహేడు వచనములు బేరము, తూకము, సాక్షులు, సరిహద్దులు. ఒక పరదేశి తనది కాని దేశములో మొట్టమొదటి స్థలము ఎలాగు కొన్నాడో పరిశుద్ధాత్మ దేవుడు అంత వివరముగా వ్రాయించాడు. ఎందుకో అని నేను చాలా ఏళ్ళు ఆలోచించలేదు. 2025 ఆగస్టులో ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత ఒక తండ్రి ఇంటి కాగితాల సంచితో నా దగ్గరకు వచ్చినప్పుడు ఆలోచించవలసి వచ్చింది.

ఆయన కుమారుడు ఆస్ట్రేలియా దేశములో మెల్బోర్న్ పట్టణములో ఉద్యోగము చేస్తున్నాడు. వీసా నాలుగేళ్ళది, తాత్కాలికమైనది. అక్కడ అద్దెలు చూసి, ఇల్లు కొనుక్కొంటే మేలనుకున్నాడు. తన పేరున కొనడానికి అనుమతి లేదు గనుక, శాశ్వత నివాస హక్కు ఉన్న స్నేహితుని పేరున కొందామని, తల్లిదండ్రులు నలభై లక్షలు సర్దమని ఫోను చేశాడు. "వాడు మనవాడే మాస్టారూ, మన సంఘమువాడే, ప్రార్థనాపరుడు" అన్నాడు తండ్రి. ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాడు. నా దగ్గరకు వచ్చింది సలహాకు కాదు, సాక్షి సంతకానికి.

మనలో చాలామందికి ఇటువంటి ఫోను ఒకనాడు వస్తుంది. అందుచేత ఈ పాఠమును సిద్ధపరిచాను.

మొదట లెక్క చూద్దాము. అబ్రాహాము హారాను విడిచినప్పుడు వయస్సు 75 (12:4). శారా ఆయనకంటె పదేళ్ళు చిన్నది (17:17). ఆమె 127వ యేట మరణించింది గనుక అప్పటికి ఆయనకు 137. అనగా కనానులో అడుగుపెట్టి 62 సంవత్సరములు గడిచినవి. మందలున్నాయి, పనివారున్నారు, వెండి బంగారములున్నాయి, వాగ్దానము కూడా ఉన్నది. అయినా భార్యను పాతిపెట్టుకొనడానికి అడుగు నేల లేదు. 4వ వచనములో ఆయన నోట వచ్చిన మొదటి మాట ఏమిటి? నేను పరదేశిని, మీ మధ్య కాపురమున్నవాడను అని. 6వ వచనములో హేతు కుమారులు ఆయనను దేవుడు హెచ్చించిన రాజని గౌరవించారు. ఆ గౌరవమును చూసుకొని ఆయన తన స్థితిని మరచిపోలేదు.

మన సంగతి మనకు తెలియనిది కాదు. కోలారు బంగారు గనుల లైన్లలో మా పెద్దలు మూడు తరాలు కాపురమున్నారు. సున్నము కొట్టుకున్నారు, పందిళ్ళు వేసి పెండ్లిండ్లు చేశారు. 2001 ఫిబ్రవరి చివరిదినమున గనులు మూతపడినప్పుడు గాని, మేమున్న గోడలు మావి కావని మాలో చాలామందికి మనస్సుకు తగలలేదు. కాపురమున్నంత మాత్రాన స్వాస్థ్యము కాదు. ఆ బాధ తెలిసినవారము గనుక, మన పిల్లలు పరదేశములో తమదంటూ ఒక గూడు కోరుకొంటే తప్పు పట్టలేము. యిర్మీయా 29వ అధ్యాయములో బబులోనుకు చెరపట్టబడినవారికే దేవుడు ఇండ్లు కట్టుకొని కాపురముండమని చెప్పాడు.

కాని పరదేశికి మొదటి షరతు డబ్బు కాదు. "ఈ దేశపు చట్టము ఎదుట నేనెవరిని?" అన్నది మొదటి ప్రశ్న. ఆస్ట్రేలియాలో పౌరునికి, శాశ్వత నివాసికి, న్యూజిలాండు పౌరునికి ఇల్లు కొనడానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. తాత్కాలిక వీసాపై ఉన్నవాడు విదేశీయుడే. అతడు కొనుటకు ముందుగానే ప్రభుత్వ అనుమతి పొందవలెను. ఇండ్ల విషయములో ఆ దరఖాస్తులను అక్కడి పన్నుల శాఖ చూస్తుంది. లోగడ అటువంటివాడు తాను కాపురముండడానికి ఒక పాత ఇల్లు కొనవచ్చును, దేశము విడిచేటప్పుడు అమ్మివేయవలెను. ఆ వాకిలి కూడా 2025 ఏప్రిల్ 1 నుండి 2027 మార్చి 31 వరకు, కొద్ది మినహాయింపులు తప్ప, మూసివేస్తున్నట్లు ప్రకటించారు. ఆ దేశములోని వారికే ఇండ్లు చాలడము లేదన్నది కారణము. కొత్తగా కట్టిన ఇల్లు గాని, కట్టుకొనడానికి ఖాళీ స్థలము గాని అనుమతితో కొనవచ్చును. స్థలము కొంటే నాలుగేళ్ళలోపు ఇల్లు పూర్తిచేయవలెను. పది లక్షల డాలర్లలోపు కొత్త ఇంటికి దరఖాస్తు రుసుమే పద్నాలుగు వేల డాలర్లకు పైగా ఉంటుంది. భార్యాభర్తలలో ఒకరు పౌరులు లేక శాశ్వత నివాసులై, ఇద్దరూ విడదీయని ఉమ్మడి హక్కుగా కొంటే రెండవవారికి ఆ అనుమతి అక్కరలేదు.

ఇట్టి నియమములు మారుతూ ఉంటాయి. కెనడా 2023 జనవరి నుండి విదేశీయుల కొనుగోలును చాలమట్టుకు ఆపింది. సింగపూరులో 2023 ఏప్రిల్ నుండి విదేశీయుడు ఇంటి వెలపై నూటికి అరవై వంతులు అదనపు స్టాంపు సుంకము కట్టవలెను. కాబట్టి మూడేళ్ళ క్రిందట వెళ్ళిన ఒక అన్న చెప్పిన మాట విని ఎవరూ సొమ్ము కట్టకూడదు. కొనే దినమున చట్టము ఏమి చెప్పునో ఆ దినముననే విచారించవలెను.

ఇప్పుడు ఎఫ్రోను మాట చూడండి (11వ వచనము). పొలమూ ఇస్తాను, గుహా ఇస్తాను, తీసుకొమ్మంటాడు. అది వట్టి మర్యాదా, నిజముగా ఉచితమా అని వ్యాఖ్యానకర్తలు వాదించుకొంటారు. నాకు ఆ వాదన కంటె అబ్రాహాము జవాబు ముఖ్యము. పుచ్చుకొంటే ఏమయ్యేది? ఆ స్థలము ఎఫ్రోను దయమీద నిలిచేది. ఎఫ్రోను పోయాక అతని కుమారుల దయమీద. దయకు కాగితము లేదు. దావీదు కూడా అరౌనా కళ్ళమును ఊరకనే తీసుకొనలేదు, వెల ఇచ్చాడు (2 సమూయేలు 24:24).

స్నేహితుని పేరున కొన్న ఇల్లు అటువంటిదే. సొమ్ము నాది, పేరు వానిది. రేపు వానికి పెండ్లి అవుతుంది, భార్యకు హక్కు వస్తుంది. వాని వ్యాపారము దెబ్బతింటే అప్పులవాళ్ళు ఆ ఇంటిమీదికే వస్తారు. వాడు హఠాత్తుగా చనిపోతే వాని తల్లిదండ్రులతో నేనేమని చెప్పగలను? వాడు ఎంత ప్రార్థనాపరుడైనా రిజిస్టరులో ఉన్న పేరు ప్రార్థన చేయదు. పైగా విదేశీయుని సొమ్మును మరొకని పేరు వెనుక దాచడము అక్కడి చట్టమును తప్పించుకొనడమే. బయటపడితే ఇల్లు అమ్మించవచ్చు, జరిమానా, జైలు కూడా ఉన్నాయి. వీసా మాట చెప్పనక్కరలేదు. మన దేశములో మాత్రము వేరా? బినామీ చట్టము 1988 నాటిది. 2016 సవరణ తరువాత అటువంటి ఆస్తిని ప్రభుత్వము స్వాధీనము చేసుకొనవచ్చును, ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్నది. మా నాన్నగారు ఒక స్థలమును నమ్మిన మిత్రుని పేరున పెట్టారు. ఆ మిత్రుడు చివరివరకు మంచివాడే. అతని అల్లుడు ఇంకొక రకము. అంతకంటె ఆ కథ చెప్పను.

తల్లి పేరున పెట్టే పిల్లలు కూడా ఉన్నారు. ప్రేమతోనే పెడతారు. శాశ్వత నివాసము వచ్చిన కుమారుడు, ఇంటి పత్రములో తన పేరుతో పాటు ఇక్కడున్న అమ్మ పేరు చేర్చవలెనని అనుకొంటాడు. అయితే ఆ చట్టము ఎదుట అమ్మ విదేశీయురాలు. ఆమె భాగమునకు అనుమతీ అదనపు సుంకమూ వర్తిస్తాయి. ఇక్కడ ఆమె ఆదాయపు పన్ను రిటర్నులో ఆ విదేశీ ఆస్తిని ప్రతి సంవత్సరము చూపవలెను. చూపకపోతే 2015 నాటి నల్లధనపు చట్టము క్రింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. అమ్మను సన్మానించుటకు వేరే మార్గములున్నవి.

ఇక వెల. అబ్రాహాము అడిగినది పూర్తి వెలకు (9వ వచనము). ఇంటి వెల అంటే అమ్మేవాడు చెప్పిన అంకె మాత్రమే అనుకొంటాము. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకొనవలెనని ప్రభువు చెప్పాడు గదా. మెల్బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రము లెక్కే వేద్దాము. ఇల్లు ఏడు లక్షల డాలర్లు. ఏ రాయితీ లేకుండా స్టాంపు సుంకము 37,070 డాలర్లు. కొనేవాడు విదేశీయుడైతే వెలలో నూటికి ఎనిమిది వంతులు అదనము, అంటే మరి 56,000. రెండు కలిపి 93,070. అదే మనిషి శాశ్వత నివాసియై, మొదటి ఇల్లు కొంటూ, ఏడాదిలోపు అందులో చేరి పన్నెండు నెలలు ఎడతెగక కాపురముంటే, రాయితీ పోగా సుమారు 24,700. తేడా 68 వేల డాలర్లకు పైమాటే. ఓపికకు ఇంత వెల ఉన్నదని నేను కాగితముమీద వేసి చూపేవరకు ఆ తండ్రికి తెలియదు. నిజము చెప్పవలెనంటే నాకూ తెలియదు. ఆ కుర్రవానిచేతనే ఆ రాష్ట్ర పన్నుల కార్యాలయపు పట్టిక చదివించి వ్రాసుకున్నాను.

బ్యాంకు అప్పు సంగతి వేరు. వెలలో అయిదవ వంతు చేతిలో లేకపోతే, అప్పిచ్చేవాని రక్షణకై ఒక బీమా రుసుము కూడా అప్పు తీసుకొనేవాడే కట్టవలసి వస్తుంది. తాత్కాలిక వీసావారికి అప్పిచ్చే బ్యాంకులు తక్కువ.

16వ వచనములో అబ్రాహాము వర్తకులలో చెల్లే వెండి నాలుగు వందల తులములు అందరూ వినుచుండగా తూచి ఇచ్చాడు. మాటకు మాట, తూకానికి తూకము, చాటుమాటు లేదు. యిర్మీయా అనాతోతు పొలమునకు ఇచ్చినది పదిహేడు తులములే, కాలము వేరు, పొలము వేరు. ఆయన కూడా సాక్షుల ఎదుట త్రాసులో తూచాడు. మన తూకము ఎక్కడ జరుగుతుంది? బ్యాంకులో. ఇక్కడ నివసించే ఒక మనిషి ఆర్థిక సంవత్సరములో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశమునకు పంపవచ్చునని రిజర్వు బ్యాంకు పథకము. పాన్ నంబరు ఉండవలెను, ఎందుకు పంపుచున్నామో వ్రాసి సంతకము చేయవలెను. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన భాగముపై, 2025 ఏప్రిల్ నుండి ఉన్న నియమము ప్రకారము, ఇటువంటి సొమ్ముకు బ్యాంకు నూటికి ఇరవై వంతులు పన్నుగా వసూలు చేస్తుంది. ఒక్కరే నలభై లక్షలు పంపితే ముప్పైపై ఆరు లక్షలు అదనముగా చేతిలో ఉండవలెను. అది పోయే సొమ్ము కాదు, రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది. కాని ఆ దినమున ఉండవలెను. ఆస్తి కొనుట వంటి వాటికి ఈ పథకము క్రింద పంపే సొమ్ముకు బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు. ఇల్లు తాకట్టు పెడతానన్న ఆ తండ్రి, బ్యాంకులో ఏ కారణము చెప్పి అప్పు తేవలెనని అనుకున్నాడో నేను అడిగాను. జవాబు రాలేదు. ఇక హవాలా మార్గము గూర్చి విశ్వాసుల మధ్య చర్చే ఉండకూడదు.

ఇంకొక సంతకము ఉన్నది. దీనిని గూర్చి కొంచెము నిలిచి మాట్లాడుకొందాము. తల్లిదండ్రుల నుండి సొమ్ము వచ్చినప్పుడు అక్కడి బ్యాంకు ఒక ఉత్తరము అడుగుతుంది: ఇది బహుమానము, తిరిగి తీసుకొనము అని. మనవారు చదవకుండా సంతకము పెడతారు. ఇక్కడ చూస్తే ఆ సొమ్ము వడ్డీకి తెచ్చినది, నెలనెలా కుమారుడు పంపితేనే తీరేది. అప్పుడు ఆ సంతకము అబద్ధమే గదా! అప్పు తీర్చే శక్తి ఎంతో తెలుసుకొనడానికే బ్యాంకు అడిగినది. మనము దానికి తప్పు త్రాసు అందించాము. నిజముగా బహుమానమైతే సంతకము పెట్టండి, మరల దాని ఊసెత్తకండి. చెల్లెలి పెండ్లికి వాడు డబ్బు పంపలేదని ఆ బహుమానమును దెప్పేవారిని చూశాను. బహుమానము కానిదైతే ఆ ఉత్తరముపై చేయి పెట్టకండి.

17వ వచనము నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పొలము, అందులోని గుహ, పొలములోని చెట్లు, చుట్టూ సరిహద్దులు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పబడినవి. చెట్లు కూడా! తరువాత ఎవరూ, నేల ఇచ్చాను గాని చెట్టు ఇవ్వలేదని అనకుండా. విక్టోరియాలో అమ్మేవాడు ఒప్పందమునకు ముందే సెక్షన్ 32 అనే ప్రకటన ఇవ్వవలెను. ఇంటిపై ఉన్న తాకట్టులు, ఇతరుల దారి హక్కులు, పన్నులు, నిబంధనలు అందులో ఉంటాయి. రిజిస్ట్రేషను పనులు చూసే లైసెన్సుదారుని అక్కడ కన్వేయన్సర్ అంటారు. సంతకమునకు ముందు ఆ ప్రకటన అతని చేత చదివించవలెను, సంతకము తరువాత కాదు. గోడలు, పైకప్పు, చెద పరీక్ష వేరుగా చేయించుకోవాలి. ఆ దేశములో చెక్క చట్రముతో కట్టిన ఇండ్లు ఎక్కువ, చెద భయము మనకంటె వారికే ఎక్కువ. సంతకము చేశాక మనస్సు మారితే మూడు పనిదినములలోపు, కొద్ది సొమ్ము పోగొట్టుకొని, వెనుకకు తగ్గవచ్చును. వేలములో కొన్నవానికి ఆ మూడు దినములు కూడా లేవు. లేవీయకాండము 25:29లో ప్రాకారముగల పట్టణములో ఇల్లు అమ్మినవానికి విడిపించుకొనడానికి ఒక సంవత్సరము గడువు ఇయ్యబడినది. మన కాలము తొందర కాలము.

యిర్మీయా పత్రమును చూడండి. ముద్ర వేసినది ఒకటి, ముద్ర లేనిది ఒకటి, రెండూ బారూకు చేతికి, మట్టికుండలోనికి. చాలా దినములు ఉండవలెనని. మన ఇండ్లలో ఆ మట్టికుండ బీరువా. అందులో మూల పత్రము ఉంటేనే మనకు నిద్ర. ఆ కుర్రవాని తల్లి నన్ను అడిగింది: "అక్కడ కాగితము ఎవరి చేతికి ఇస్తారండీ?" ఎవరి చేతికీ ఇయ్యరు. సిడ్నీ ఉన్న రాష్ట్రములో 2021 అక్టోబరుతో హక్కు కాగితములు రద్దయినవి; రిజిస్టరులో పేరే హక్కు. ఈ పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైనది. అడిలైడ్ రేవులో సుంకాల అధికారిగా పనిచేసిన రాబర్ట్ టారెన్స్ దీనిని చట్టముగా తెచ్చాడు. మన దేశములో 1908 చట్టము క్రింద రిజిస్టరు అయ్యేది పత్రము. అమ్మినవానికి నిజముగా హక్కున్నదా లేదా అన్నది వెనుకటి పత్రములు, ఈ.సి. చూసి మనమే తేల్చుకోవాలి. అక్కడ రిజిస్టరు అయ్యేది హక్కే, దానికి ప్రభుత్వము పూచీ. అందుకే స్నేహితుని పేరు అక్కడ మరింత ప్రమాదము. పుస్తకము ఎవరి పేరు చెప్పునో ఇల్లు వానిదే, మన సంచిలో ఎన్ని ఉత్తరములున్నా.

కుమారుడు కొన్నేళ్ళకు తిరిగి వచ్చేస్తే అని కొందరు అడుగుతారు. అక్కడ నివసించే కాలములో న్యాయముగా కొన్న ఆస్తిని, ఇక్కడికి వచ్చి స్థిరపడిన తరువాత కూడా ఉంచుకొనడానికి మన విదేశీ మారక చట్టము ఒప్పుకొంటుంది. రిటర్నులో చూపడము మాత్రము మరువకూడదు.

ఆ ఆదివారము నేను సాక్షి సంతకము చేయలేదు. ఆ తండ్రి మూడు ఆదివారాలు నాతో మాట్లాడలేదు, వందనములు చెప్పినా తల తిప్పుకున్నాడు. నాల్గవ వారము కుర్రవాడే ఫోను చేశాడు. మెల్బోర్న్‌లో ఒక కన్వేయన్సర్ దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్లు చెప్పాడట. ఆమె అటువంటి ఒప్పందమును తాకనని చెప్పి పంపించిందట. ఇప్పుడు అద్దె ఇంటిలోనే ఉన్నాడు, శాశ్వత నివాసమునకు దరఖాస్తు పెట్టుకున్నాడు. వస్తుందో రాదో ఎవరమూ చెప్పలేము. అద్దె పెరిగింది, నామీద కొంచెము కోపము ఉన్నట్టే ఉన్నది. ఇక్కడి ఇల్లు మాత్రము తాకట్టు లేకుండా ఉన్నది. ఇంటి కాగితాల సంచి ఆయన నా దగ్గర మరచిపోయి వెళ్ళాడు, మొన్ననే వచ్చి తీసుకొనిపోయాడు.

కూటములలో చర్చించుటకు: అబ్రాహాము ఎఫ్రోనుతో సూటిగా మాట్లాడక, మొదట ఊరి పెద్దలతో ఎందుకు మాట్లాడాడు (3-9 వచనములు)? ఆదికాండము 49:29-32లో యాకోబు, తాను పుట్టక మునుపు జరిగిన ఈ క్రయమును పేర్లతో సహా ఎలాగు జ్ఞాపకముంచుకున్నాడు, మన పిల్లలకు మన ఇంటి పత్రములలోని పేర్లు తెలుసునా? బహుమానమని వ్రాసి ఇచ్చిన సొమ్మును తల్లిదండ్రులు అవసరములో తిరిగి అడుగవచ్చునా? ఈ చివరి ప్రశ్నను స్త్రీల సమాజములో తప్పక చర్చించండి. ఆ సంతకము ఎక్కువగా పెట్టవలసి వచ్చేది వారికే.